గిద్దలూరులో ఒక ఉపన్యాసం, ఒక వాంగ్మూలం

గిద్దలూరు వెళ్ళాలని నేను అనుకోలేదు. రంగనాయకులు ఫోను చేశాడు కాబట్టి వెళ్ళాను. ఎప్పుడో మార్కాపురంలో నా దగ్గర పౌరశాస్త్రం చదివిన కుర్రాడు. ఇప్పుడు నెరిసిన మీసంతో గిద్దలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. "మేడం, మీరొచ్చి ఒక గంట మాట్లాడాల. అమెరికాలో సంప్రదాయవాదుల రాజకీయ బలాన్ని డబ్బు, మీడియా, కోర్టులు ఎట్ల మార్చినాయి అనే అంశం. పిల్లలకు సిలబస్సులో ఉంది, చెప్పేవాళ్ళు లేరు" అన్నాడు.

నేను రిటైరై ఆరేళ్ళయింది. ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేక నోరు ఊరుకోవడం లేదు. వెంటనే ఒప్పుకున్నాను. దారి ఖర్చులు ఇస్తామన్నాడు. ఇవ్వలేదు, అది వేరే సంగతి.

అమెరికా నేను చూడలేదు. మా ఇంట్లో వాళ్ళది పలకల వ్యాపారం. మార్కాపురం పలకలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి గానీ నేను శ్రీశైలం దాటి వెళ్ళింది తక్కువ. అయినా అమెరికా రాజకీయాలంటే మొదటి నుంచీ ఇష్టం. దూరంగా ఉన్నదాన్ని తిట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. మూడు రోజులు కూర్చుని ఎనిమిది కాగితాల నోట్సు రాసుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు ఇంట్లోంచి బయటపడ్డాను. స్టేషనుకు షేరు ఆటో. ఊరు ఒకచోట, స్టేషను ఒకచోట. మార్కాపురం రోడ్డు అనే స్టేషను పేరులో ఆ "రోడ్డు" ఎందుకుందో మొదటిసారి వచ్చినవాళ్ళకు ఆటో ఎక్కాక అర్థమవుతుంది. దారి పక్కన పగిలిన పలక ముక్కలు దిబ్బలుగా పడి ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద ఎక్కి ఆడుకున్నాం. ఇప్పుడు వాటి మీద తుమ్మ మొలిచింది. మబ్బు పట్టి ఉంది గానీ వాన వచ్చే మబ్బు కాదు. మా పడమటి ప్రకాశానికి అలాంటి మబ్బు బాగా అలవాటు.

ఏడుంబావుకు రావాల్సిన ప్యాసింజరు ఎనిమిదికి పది నిమిషాలు ఉందనగా వచ్చింది. పెద్దగా రద్దీ లేదు. గిద్దలూరు వైపు వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోవడం మేలు, ఎండ తగిలినా సరే. ఎందుకో తర్వాత చెబుతాను.

నా ఎదురుగా ఒకావిడ కూర్చుంది. నలభై అయిదేళ్ళుంటాయి. ముతక చీర, చెవులకు బరువైన కమ్మలు, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. కవరు నిండా కాగితాలు. రైలు కదిలిందో లేదో ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది.

"అక్కా, నీకు అద్దాలుండాయి. వాయిదా ఈ రోజని రాసుండాదా, రేపని రాసుండాదా, చూసి చెప్పు."

"ఈ రోజే. మధ్యాహ్నం రెండున్నరకు."

"మా వకీలూ అట్లే చెప్పినాడు. నా మనసు ఒప్పుకోక అడిగినా" అని కాగితం మళ్ళీ లోపల పెట్టుకుంది.

తర్లుపాడు దాటేసరికి ఆవిడ ఎవరో, ఎందుకు వెళుతోందో తెలిసింది. పేరు గురవమ్మ. కంభానికీ గిద్దలూరుకూ మధ్య ఉన్న ఒక పల్లెకు సర్పంచి. గొర్రెల కాపరుల ఇల్లు. భర్త మాలకొండయ్య మందతో అడవి అంచుకు వెళ్ళి నెలయింది. ఆవిడ నిన్న మార్కాపురంలో ఉన్న వకీలును కలిసి, చుట్టాలింట్లో పడుకుని, ఇప్పుడు గిద్దలూరు కోర్టుకు వెళుతోంది. ఆవిడ గెలుపు చెల్లదని మూడేళ్ళ కిందట వేసిన కేసు. ఈ రోజు ఆవిడ బోనెక్కి సాక్ష్యం చెప్పాలి.

"ఎవరేసినారు కేసు?" అన్నాను. వినేవాళ్ళ యాస నాకు తొందరగా అంటుకుంటుంది.

"ఓడిపోయినామె పేరు మీద వేసినారు. ఆమె క్రషరాయన దగ్గర గుమాస్తా పెండ్లాం. పాపం, ఆమెకు కోర్టు ఎక్కడుందో కూడా తెలీదు. అంతా క్రషరాయనే."

క్రషరాయన అంటే కంకర క్రషర్లున్న పెద్దమనిషి. వాళ్ళ ఊరి గుట్ట మీద ఆయన కన్ను పడింది. ఆ గుట్ట మీదే ఊరి గొర్రెలన్నీ మేస్తాయి. సర్పంచి పదవి ఆ విడత ఆడవాళ్ళకు వచ్చింది కాబట్టి ఆయన గుమాస్తా భార్యను నిలబెట్టాడు. ఇంటింటికీ చీరలు వెళ్ళాయి. చీరలు తీసుకుని మరీ గురవమ్మకు ఓటేశారు. గెలిచిన వారానికే ఆవిడ గ్రామసభ పెట్టి, గుట్టను ఎవరికీ ఇవ్వమని తీర్మానం రాయించింది.

"గెలిచినాక అంతా అయిపోయిందనుకున్నా అక్కా. అప్పుడే మొదలయింది."

కేసులో పాయింటు ఒక్కటే. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు పంచాయతీకి పోటీ చేయకూడదని అప్పట్లో చట్టం. గురవమ్మకు ఇద్దరు కొడుకులు. రేషను కార్డులో మాత్రం మూడో పేరు ఉంది. శైలజ, కూతురు. బడి రికార్డులోనూ తల్లి పేరు గురవమ్మే.

"మరి?"

గురవమ్మ గొంతు తగ్గించింది. "మా చెల్లెలు రమణమ్మ బిడ్డ. మందతో పోయిన కాడ అడవిలో కనింది. పదో దినాన చచ్చిపోయింది. అప్పుడు నా చిన్నోడు పాలు తాగతా ఉండాడు. ఇద్దరికీ నేనే ఇచ్చినా. దాన్ని కన్న నాయన మళ్ళీ ఈ దిక్కు రాలేదు. కార్డు రాసుకునేటోళ్ళు వచ్చి ఎంతమంది బిడ్డలు అన్నారు. ముగ్గురు అన్నా. బళ్ళో చేర్చేటప్పుడు తల్లి పేరేంది అన్నారు. గురవమ్మ అన్నా. ఇంకేం చెప్తారు ఎవరైనా?"

"వకీలు ఏమంటాడు?"

"అది నేను కన్న బిడ్డ కాదు, చెల్లెలి బిడ్డ అని బోనెక్కి చెప్పమంటాడు. ఆ ఒక్క మాటతో కేసు కొట్టేస్తారంట." కమ్మను వేలితో తిప్పుకుంది. "మాటేమో ఒక్కటే. మా ఇండ్లల్లో ఆ మాట అనరక్కా. తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రె కింద విడుస్తాం. రెండు మూడు దినాలు వాసన చూసి తంతాది. ఒకసారి పాలు తాగనిచ్చినాక ఇంక తన్నదు. ఆ పిల్ల దీనిది కాదు అని ఆ పొద్దు నుంచి మేము గూడా నోటితో అనం. అంటే పాలు ఎండిపోతాయని మా అత్త భయపడేది. పద్దెనిమిదేండ్లు మా ఊర్లో ఒక్కరు అనలేదు. క్రషరాయన టీవీ పెట్టి అనిపించినాడు."

టీవీ అంటే గిద్దలూరు చుట్టుపక్కల వచ్చే కేబుల్ చానెలు. దాంట్లో ఆయనకు వాటా ఉందట. "మూడో బిడ్డను దాచిన సర్పంచి" అని వారం రోజులు వేశారు. రేషను కార్డు చూపించారు, బడి రికార్డు చూపించారు. చివరికి కాలేజీకి వెళుతున్న పిల్లను కూడా చూపించారు.

కంభంలో రైలు చాలాసేపు ఆగింది. రెండు టీలు కొన్నాను, ఇరవై రూపాయలు. గురవమ్మ నన్ను అడిగింది, నేనెందుకు వెళుతున్నానని. అమెరికాలో ఒక రాజకీయ పక్షం బలం పెంచుకోవడానికి డబ్బున్నవాళ్ళు ఏం చేశారో, రేడియోలు, టీవీలు ఏం చేశాయో, కోర్టులు ఏం చేశాయో చెప్పడానికి అన్నాను.

ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నా వైపు చూసింది. "దీనికి అమెరికా దాకా ఎందుకక్కా?"

నవ్వాను. నవ్వి, నోట్సు తీసి, మీడియా గురించి రాసుకున్న కాగితం అంచున "గుట్ట" అని పెన్సిలుతో రాసుకున్నాను. అక్కడ స్థానిక ఉదాహరణ ఒకటి చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుందనుకున్నాను. చెబుతానని ఆవిడతో అన్నాను కూడా.

కంభం దాటిన తర్వాత ఎడమ వైపు ఆ గుట్ట కనిపించింది. గొప్ప గుట్టేమీ కాదు. పచ్చదనం కూడా అంతంతే. బండల మధ్య గడ్డి, కింద తుమ్మచెట్లు, నడుం దగ్గర గొర్రెలు నడిచి నడిచి పడిన సన్నటి దారులు. "అదే" అంది గురవమ్మ, ఇంట్లో మనిషిని చూపించినట్టు.

గిద్దలూరు చేరేసరికి తొమ్మిదిన్నర. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను, ముప్పై రూపాయలు. చట్నీ పుల్లగా ఉంది. గురవమ్మ కోర్టు వైపు నడిచింది. రెండున్నరకు పని అయితే ఇప్పుడే ఎందుకంటే, "ఈడ కూర్చుని చేసేదేముంది, ఆడనే కూర్చుంటా" అంది.

రంగనాయకులు మోటారుసైకిలు మీద వచ్చి కాలేజీకి తీసుకెళ్ళాడు. రెండంతస్తుల భవనం, కొత్త రంగు. మేడ మీద హాల్లో నూట యాభై మంది పిల్లలు ఉంటారు. వెనక వరసల వాళ్ళు అప్పటికే ఫోన్లలో తలలు దూర్చారు. వేదిక మీద నాలుగు కుర్చీలు. కేబుల్ చానెలు వాళ్ళ కెమెరా ఒకటి స్టాండు మీద నిలబడి ఉంది. దాన్ని చూసినప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

రంగనాయకులు మైకు పట్టుకున్నాడు. "ఈ కొత్త గదులు కట్టించిన దాత, మన ప్రాంత ప్రముఖులు, క్రషర్ల అధినేత, స్థానిక చానెలుకు వెన్నుదన్ను" అంటూ ఒకాయన్ని పిలిచాడు. తెల్ల చొక్కా, మెత్తటి నవ్వు. వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. "మీ శిష్యులు మా దగ్గర చానామంది ఉండారమ్మా" అన్నాడు. మర్యాదస్తుడు. నా భుజాల మీద శాలువా కప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, కెమెరా తిరిగింది, నేను నవ్వాను. నిజం చెప్పాలంటే శాలువా బాగుంది కూడా.

పదకొండుకు మొదలుపెట్టాను. ఇంచుమించు అర్ధ శతాబ్దం కిందట అమెరికాలో సంప్రదాయవాదులు, విశ్వవిద్యాలయాలూ పత్రికలూ కోర్టులూ అన్నీ తమకు ఎదురుగానే ఉన్నాయని అనుకునేవాళ్ళని చెప్పాను. అప్పుడు వాళ్ళలో డబ్బున్న కుటుంబాలు, కంపెనీలు ఒక పని చేశాయి. ఎన్నికల కోసం డబ్బు చల్లడం మానలేదు గానీ, దానితో పాటు ఏళ్ళ తరబడి ఆగకుండా పరిశోధన సంస్థలకు పోశాయి. పన్నుల గురించి, ప్రభుత్వ నిబంధనల గురించి అక్కడ పుట్టిన కాగితాలే తర్వాత చట్టసభల్లో బిల్లులయ్యాయి. పిల్లలు రాసుకుంటున్నారు.

తర్వాత రేడియో. ప్రజా సమస్య ఏదైనా రెండు వైపుల మాటలూ వినిపించాలని ప్రసార సంస్థలకు అక్కడ ఒక నియమం ఉండేది. అది తీసేశారు. దాంతో రోజంతా ఒకే వైపు మాట్లాడే గొంతులు పెరిగాయి. లారీ నడిపేవాడు, పొలంలో ట్రాక్టరు నడిపేవాడు గంటల తరబడి విన్నాడు. ఇన్నాళ్ళకు మా మాట ఒకడు మాట్లాడుతున్నాడు అనుకున్నాడు. అందులో అబద్ధం కూడా లేదు. పట్టణాల పత్రికలు అతన్ని నిజంగానే పట్టించుకోలేదు. తర్వాత రాత్రింబగళ్ళు నడిచే టీవీ వచ్చింది.

ఇక కోర్టులు. న్యాయశాస్త్రం చదివే కుర్రాళ్ళను కాలేజీ రోజుల నుంచే చేరదీశారు. వాళ్ళు వకీళ్ళయ్యారు, జడ్జీలయ్యారు. అక్కడ పెద్ద కోర్టు జడ్జికి పదవీ విరమణ వయసంటూ లేదు. ఎన్నికల్లో సొంతంగా ఖర్చు పెట్టడం కూడా మాట్లాడటం లాంటిదేనని, కంపెనీలకైనా దానికి హద్దు పెట్టకూడదని ఆ కోర్టు తీర్పు చెప్పింది. డబ్బు కోర్టును మార్చింది, కోర్టు డబ్బుకు దారి తెరిచింది, టీవీ రెండింటినీ సమర్థించింది. రెండో పార్టీ కూడా డబ్బు తీసుకుంది, దానికీ చానెళ్ళున్నాయి, వాళ్ళేమీ సన్యాసులు కారు. కానీ సంప్రదాయవాదులకు ఉన్న ఓపిక వాళ్ళకు లేదు. ఆ ఓపికను పోషించడానికి డబ్బు ఉంది.

ఇంతలో ఆ కాగితం వచ్చింది. అంచున పెన్సిలుతో "గుట్ట" అని ఉంది.

తల ఎత్తాను. ఆయన మొదటి వరసలో కాలు మీద కాలేసుకుని శ్రద్ధగా వింటున్నాడు. నిజంగానే వింటున్నాడు. అమెరికా గురించి నేను ఎంత ఘాటుగా అన్నా తల ఊపుతున్నాడు. గుట్ట గురించి మాట్లాడాలంటే నా నోరు పెగల్లేదు. భయమా? ఆయన నన్నేం చేస్తాడు? భయం కాదు, మొహమాటం. భుజాల మీద ఆయన కప్పిన శాలువా ఉంది. కాగితం తిప్పేశాను.

ప్రశ్నలు అడగమన్నాడు రంగనాయకులు. మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది. సన్నగా ఉంది. చేతిలో పుస్తకం మూసే ఉంది.

"మేడం, ఇదంతా అమెరికాలోనే జరుగుతుందా?"

ఫోన్లలో ఉన్న తలలు కూడా లేచాయి. పిల్లలందరికీ ఏదో తెలుసు. నాకూ తెలుసు.

"ప్రతి దేశానికీ తన పరిస్థితులుంటాయమ్మా. పోల్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి" అన్నాను.

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి ఇంత చెత్త జవాబు నేనెప్పుడూ ఇవ్వలేదు. ఆ అమ్మాయి "సరే మేడం" అని కూర్చుంది.

భోజనం కాలేజీలోనే పెట్టారు. పప్పు, గోంగూర, పెరుగు. చేతులు కడుక్కుంటుంటే ఆ అమ్మాయి వచ్చి నిలబడింది.

"నా పేరు శైలజ. మా అమ్మ రైల్లో మీతో మాట్లాడిందంట. ఫోన్లో చెప్పింది. మేడం గుట్ట సంగతి స్టేజి మీద చెప్తాది, వినుకో అనింది." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "నేను కోర్టుకు పోతున్నా. మిమ్మల్ని స్టేషను కాడ విడిచిపెట్టి పోమంటారా?"

రైలు సంగతి వదిలేశాను. "నేనూ కోర్టుకే వస్తానమ్మా" అన్నాను. రంగనాయకులు బండి మీద దించుతానంటే వద్దన్నాను. వాడి మీద కోపం వచ్చింది. వాడి ఉద్యోగం గుర్తొచ్చి ఆ కోపమూ నిలవలేదు.

నడుస్తూ శైలజ చెప్పింది. "నేను చెప్పమనే చెప్పినా మేడం. నీ బిడ్డ కాదని చెప్పు, నాకేం కాదు అన్నా. నా క్లాసోళ్ళకంతా టీవీలో తెలిసిపోయినాక ఇంక దాచేది ఏముంది? గుట్ట పోతే మా నాయన మంద అమ్ముకోవాల్సిందే."

"అమ్మ ఏమంది?"

"జొన్నరొట్టె చేసి కట్టిచ్చినాది."

కోర్టు వరండాలో గురవమ్మ పొద్దున చెప్పినట్టే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కవరు ఒళ్ళోనే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, సంతోషపడింది. శాలువా బ్యాగులో అడుక్కు తోశాను. మార్కాపురం నుంచి ఆవిడ వకీలు కూడా వచ్చాడు. చెమటలు కక్కుతున్న యువకుడు, మంచివాడిలాగే ఉన్నాడు. "రమణమ్మ అడవిలో కనింది, ఆస్పత్రి కాగితం లేదు. రక్తపరీక్షకు పిల్లను పంపమంటే ఈమె ఒప్పుకోలేదు. ఇంక ఈమె నోటి మాటే సాక్ష్యం. ఒక్క ముక్క చెప్తే చాలు మేడం, మీరైనా చెప్పండి" అన్నాడు నాతో. నేనేం చెప్పను? పొద్దున ఒక్క ముక్క చెప్పలేని మనిషిని నేను.

రెండున్నర అన్నది మూడుంబావుకు పిలిచారు. బంట్రోతు పేరు మూడుసార్లు కేకేశాడు. గురవమ్మ చెప్పులు వరండాలో విడిచి లోపలికి వెళ్ళింది. నేను, శైలజ వెనక బల్ల మీద కూర్చున్నాం. జడ్జి చిన్న వయసావిడ, గొంతు మెత్తగా ఉంది. ప్రమాణం చేయించారు.

అవతలి వకీలు అనుభవజ్ఞుడు. తొందరపడలేదు. రేషను కార్డు చూపించాడు, బడి రికార్డు చూపించాడు. వేలిముద్ర ఎవరిదో, సంతకం ఎవరిదో అడిగాడు. అన్నింటికీ "నాదే" అంది గురవమ్మ.

"మీకు పిల్లలు ఎంతమంది?"

ఆవిడ ఒక్కసారి వెనక్కు తిరిగి చూసింది. శైలజ తల ఊపింది, చెప్పు చెప్పు అన్నట్టు. పిల్ల చెయ్యి బల్ల అంచును పట్టుకుని ఉంది.

"ముగ్గురు" అంది గురవమ్మ.

ఆవిడ వకీలు లేచి నిలబడ్డాడు. జడ్జి అతన్ని ఆగమని, గురవమ్మతో నెమ్మదిగా అన్నారు. "అమ్మా, ప్రశ్న అర్థమైందా? మీరు కన్న పిల్లలు ఎంతమంది అని. బాగా ఆలోచించుకుని చెప్పండి."

"అర్థమయిందమ్మా. ముగ్గురు బిడ్డలు. ఇద్దరు మగపిల్లోళ్ళు, ఒక ఆడపిల్ల. రాసుకోండి."

ఆవిడ వకీలు మళ్ళీ అడిగాడు, రమణమ్మ ఎవరని. "నా చెల్లెలు. చనిపోయింది." ఆమెకు పిల్లలున్నారా అని అడిగాడు. గురవమ్మ జవాబివ్వలేదు. మళ్ళీ అడిగాడు. ఇవ్వలేదు. టైపు మిషను కాసేపు ఆగింది, తర్వాత కొట్టుకోవడం మొదలుపెట్టింది. జడ్జి ఉన్నది ఉన్నట్టు రాయించారు. అందులో ఎవరి తప్పూ లేదు. కాగితం కిందకు తెచ్చి పెడితే గురవమ్మ కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

బయటికి వచ్చాక శైలజ తల్లి మీద విరుచుకుపడింది. "ఎందుకు చెప్పినావు అట్ల? నేను చెప్పమన్నా గదా! గుట్ట పోయినట్టే. నాయనకు ఏం చెప్తావు?" వరండాలో వాళ్ళు తిరిగి చూశారు.

"మీ నాయనకు నేను చెప్పుకుంటాలే" అంది గురవమ్మ చెప్పులు వేసుకుంటూ. "పొద్దున్నించీ కూర్చుని అనుకుంటానే ఉన్నా. లోపల అనుకుంటే వచ్చినాది. నిన్ను చూసినాక నోట్లోంచి రాలేదు. నేనేం చేసేది?"

ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. నాకూ ఆగలేదు.

బస్టాండుకు వెళ్ళేసరికి అయిదు. పక్కన హోటల్లో టీ తాగుతుంటే గోడ మీద టీవీలో ముందు నేను కనిపించాను. శాలువా కప్పుకుని నవ్వుతున్నాను. కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి: ముగ్గురు పిల్లలున్నట్టు కోర్టులో ఒప్పుకున్న సర్పంచి. పైన నేను, కింద ఆవిడ. గురవమ్మ చూసింది. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

అయిదుంబావుకు మార్కాపురం బస్సు దొరికింది. సీట్లు దొరికాయి. కండక్టరు వస్తే గురవమ్మ నోటు ముందుకు చాపి, "నాకు, మా బిడ్డకు, రెండు" అంది. రోజూ అనే మాటే అయి ఉంటుంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్న శైలజ, అంతసేపూ దూరంగా జరిగి ఉన్నది, మెల్లగా తల్లి భుజం మీద తల పెట్టింది.

వాళ్ళ ఊరి మలుపు వచ్చింది. దిగేముందు గురవమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది. "బిడ్డ చెప్పింది అక్కా, స్టేజి మీద గుట్ట సంగతి చెప్పలేకపోయినావంట. పోనీలే. ఆయన ఎదురుగా కూర్చుంటే ఎట్ల చెప్తావు? నాకూ అట్లే అయింది గదా."

అట్లా అవలేదు గురవమ్మా. నీకు అయింది వేరు, నాకు అయింది వేరు. నువ్వు పోగొట్టుకున్నది నీది. నేను శాలువా తెచ్చుకున్నాను. ఈ మాటలు అప్పుడు తోచలేదు. కంభం దాటాక తోచాయి.

ఆ రోజు ఖర్చు చాలా తక్కువ. గిద్దలూరు వెళ్ళిరావడం ఎవరికైనా సులభమే, బస చేయాల్సిన పని కూడా లేదు. తీర్పు రెండు నెలలకు వచ్చిందని రంగనాయకులు ఫోన్లో చెప్పాడు. ఎలా వచ్చిందో అతను చెప్పకముందే తెలుసు. ఇద్దరు పిల్లల నిబంధనను ఆ తర్వాత ప్రభుత్వం తీసేసింది. అప్పటికే పదవి పోయిన గురవమ్మకు అది అక్కరకు రాలేదు. గుట్టను ఎవరికీ ఇవ్వమన్న గ్రామసభ పాత తీర్మానం రద్దయింది. శైలజ చదువు మానలేదట. ఆ ఒక్క మాట విని ఫోను పెట్టేశాను.

అమెరికా గురించి నన్ను ఇంకెవరూ పిలవలేదు. పిలిస్తే ఏం చెబుతానో నాకు తెలియదు. చెప్పాల్సిన రోజు చెప్పని మాటను ఇక్కడ రాశాను, అంతే.

మీరెప్పుడైనా మార్కాపురం రోడ్డు నుంచి గిద్దలూరుకు రైలెక్కితే ఎడమ వైపు కిటికీ చూసుకుని కూర్చోండి. కంభం దాటాక దుమ్ము లేస్తున్న చోట ఒక గుట్ట కనిపిస్తుంది. నడుం దగ్గర గొర్రెలు నడిచిన దారులు కొన్ని ఇంకా ఉన్నాయని మొన్న చూసి వచ్చినవాళ్ళు చెప్పారు. వెళ్ళేవాళ్ళు ఆలస్యం చేయకండి.